చిత్రకారుడైన మా తాతయ్య గురించి సభలో మాట్లాడాలి, సలహా చెప్పండి

నీలిమసి

అందరికీ నమస్కారం. మా తాతయ్య ఈ మధ్యే పోయారు. 89 ఏళ్లు. బడిలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత చేతనైనన్నాళ్లూ నీటిరంగులతో బొమ్మలు వేస్తూనే ఉన్నారు. ఎవరైనా "మాస్టారూ" అంటే పలికేవారు. "ఆర్టిస్టు గారూ" అంటే మాత్రం వెనక్కి తిరిగి చూసేవారు, ఇంకెవరైనా వచ్చారేమోనని.

వచ్చే నెల ఇంట్లోవాళ్లం, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు కొందరం కలిసి చిన్న సంస్మరణ సభ పెడుతున్నాం. హాల్లో ఒక గోడకి ఆయన బొమ్మలు పెడతాం. మనవలు, మనవరాళ్ల తరఫున నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. రాత్రి కూర్చుని రెండు పేజీలు రాశాను. పొద్దున చదువుకుంటే సంతాప తీర్మానంలా ఉంది. "మృదుస్వభావి, నిరాడంబరుడు, కళాతపస్వి, మనవలంటే ప్రాణం పెట్టేవారు." ఇందులో ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది.

రెండు విషయాల్లో సాయం కావాలి. ఒకటి, ఏం మాట్లాడాలి. రెండు, అలమార నిండా, మంచం కింద సంచుల నిండా ఉన్న బొమ్మల్ని ఏం చెయ్యాలి. అందులో సగం న్యూస్‌పేపర్ల మధ్య చుట్టి ఉన్నాయి.

చెట్టునీడ

మీ తాతయ్య గారికి నివాళి. మీ బాధ నాకు తెలుసు, రెండేళ్ల కిందట మా తాతయ్య పోయినప్పుడు నేనూ ఇలాగే కాగితం ముందు కూర్చున్నాను.

ముందు ఆ రెండు పేజీల్లో ఆయన ఎలాంటివారో చెప్పే మాటలన్నీ కొట్టేయండి. ఏం చేసేవారో రాయండి. బొమ్మ వేసేటప్పుడు ఎక్కడ కూర్చునేవారు? కుంచె ఎలా పట్టుకునేవారు? మీరు వెళ్లి విసిగిస్తే ఏమనేవారు? బొమ్మ చెడిపోతే ఏం చేసేవారు? సభకు వచ్చినవాళ్లలో చాలామందికి ఆయన పూర్తయిన బొమ్మలు తెలుసు. బల్ల దగ్గరి మనిషి మీకు తెలుసు.

నీలిమసి

అడిగారు కాబట్టి గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు రాసేస్తున్నా.

కిటికీ ఎడమవైపు ఉండేలా బల్ల. కుడిచేత్తో వేసేవాళ్లకి వెలుగు ఎడమ నుంచి రావాలి, లేకపోతే తమ చేతి నీడే బొమ్మ మీద పడుతుందనేవారు. రెండు గ్లాసుల్లో నీళ్లు, ఒకటి కుంచె కడగడానికి, ఒకటి రంగు కలపడానికి. మనవలకి మొదట ఇచ్చే ఉద్యోగం ఆ నీళ్లు మార్చడం. ప్రమోషన్ వస్తే కుంచెలు కడగడం. కడిగాక వేళ్లతో మొన తీర్చి, పడుకోబెట్టి ఆరబెట్టాలి. తడి కుంచెని నిలబెడితే నీళ్లు లోపలికి దిగి జుట్టు ఊడిపోతుందని ఎన్నిసార్లు చెప్పారో.

నల్లరంగు ట్యూబు కొనేవారు కాదు. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కలిపి బూడిదరంగు చేసేవారు. నీలం ఎక్కువైతే మబ్బు, సియెన్నా ఎక్కువైతే పాత గోడ. తెలుపు కూడా వాడేవారు కాదు. కాగితమే తెలుపు, రంగు పూయకుండా దాన్ని ముందే వదిలిపెట్టాలి. ఎక్కడ వదలాలో ఆలోచించడానికే ఎక్కువసేపు కూర్చునేవారు. చిన్నప్పుడు ఆ కూర్చోవడం చూసి నిద్రపోతున్నారనుకునేదాన్ని.

ఇంకోటి. మా బొమ్మల మీద ఆయన ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు. నేను గుర్రం వేస్తే కాళ్లు బల్ల కాళ్లలా ఉండేవి. ఆయన పక్కనున్న కాగితంలోంచి ఒక పట్టీ చింపి, దాని మీద గుర్రం వెనక కాలు ఒక్కటే వేసి, నా బొమ్మ పక్కన పెట్టేవారు. "చూసుకో, నచ్చితే తీసుకో, లేకపోతే నీదే ఉంచు" అనేవారు. ఆ పట్టీలు ఇప్పుడు సంచుల్లో కుప్పలుగా ఉన్నాయి. ముక్కులు, చెవులు, సైకిల్ పెడళ్లు, కాకి కాలు.

వాననీలం

మీరు మాట్లాడాల్సింది ఇదే. ఆ పట్టీలు గోడకి పెట్టండి, పెద్ద బొమ్మల కన్నా ముందు.

మా తాత సైన్‌బోర్డులు రాసేవాడు. చదువు పెద్దగా లేదు కానీ అక్షరం అంటే భక్తి. గోడ మీద సుద్ద పూసిన దారం లాగి వదిలితే గీత పడేది, తలకట్లన్నీ ఆ గీతకి అంటాలి. కిందా ఇంకో గీత, ఒత్తులకి చోటు వదలడానికి. "పైన చోటు అందరూ వదుల్తారు, ఒత్తు దగ్గర దొరికిపోతారు" అనేవాడు. గుడ్డ చుట్టిన కర్ర ఒకటి ఎడంచేత్తో గోడకి ఆనించి, దాని మీద కుడిచేతి మణికట్టు పెట్టి రాసేవాడు, చెయ్యి వణక్కుండా. అక్షరాల మధ్య ఖాళీ సమంగా ఉందో లేదో చూడ్డానికి ముందు కాగితం మీద రాసి తలకిందులు చేసి చూసేవాడు. తలకిందులైతే మనం చదవలేం, ఆకారమే కనిపిస్తుంది. నేనిప్పుడు కంప్యూటర్ మీద లోగోలు చేస్తాను. రోజూ ఆ పనే చేస్తాను, తిప్పి చూడటం.

ఆయన రాసిన బోర్డు ఒక్కటీ మిగల్లేదు. ఆ కర్ర ఉంది.

కాగితంపులి

రెండో ప్రశ్నకి నేను చెప్తాను. కాగితం మీది పాత బొమ్మలు, పత్రాలు బాగుచేయడం నా వృత్తి. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

మొట్టమొదట న్యూస్‌పేపర్లలోంచి తీసేయండి. ఆ కాగితం చెక్కగుజ్జుతో చేస్తారు, చెక్కలోంచి వచ్చే లిగ్నిన్ అనే పదార్థం వల్లే అది పసుపెక్కుతుంది. దాన్లోంచి పుట్టే ఆమ్లం పక్కనున్న మంచి కాగితంలోకీ పాకుతుంది. ఆమ్లరహిత కాగితం దొరికితే మధ్యమధ్యలో అది పెట్టండి. చుట్టలుగా ఉన్నవాటిని బలవంతంగా విప్పకండి, పాత కాగితం పెళుసుబారి ఉంటుంది.

సెల్లోటేప్ అంటించినవి ఉంటే లాగకండి. జిగురు కాగితం పోగుల్లోకి దిగిపోయి ఉంటుంది, లాగితే పైపొర ఊడొస్తుంది. అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని. లామినేషన్ జోలికి అసలు పోవద్దు. వేడితో ప్లాస్టిక్‌ని కాగితానికి అతికించేస్తే మళ్లీ వెనక్కి తేలేం. ప్రేమకొద్దీ జనం ఎక్కువగా పాడుచేసేది అలాగే.

ప్లాస్టిక్ కవర్లు వాడాలనుకుంటే పాలియెస్టర్‌వో పాలీప్రొపిలీన్‌వో చూసుకోండి, పీవీసీ వద్దు. చార్‌కోల్, పాస్టెల్ బొమ్మలకి ఏ ప్లాస్టిక్కూ వద్దు. స్టాటిక్ కరెంటుకి పొడి లేచి కవరుకి అంటుకుంటుంది.

గదిలో తేమ 50 శాతం అటూఇటూగా ఉంటే మంచిది. 65 దాటి చాలాకాలం ఉంటే బూజు పడుతుంది. మంచం కింద, బయటి గోడకి ఆనించి పెట్టినవి ముందు తీసి చూడండి. ఇక ఫ్రేము కట్టించేటప్పుడు బొమ్మ అద్దానికి తగలకూడదు. మధ్యలో మౌంటు అట్ట ఉండాలి, లేకపోతే తేమకి రంగు అద్దానికి అతుక్కుంటుంది.

వెలుగు సంగతి. నీటిరంగుల బొమ్మలకి మ్యూజియాల్లో 50 లక్స్ (వెలుతురు కొలత) దరిదాపుల్లోనే వెలుతురు పెడతారు. వెలుగు వల్ల పోయిన రంగు చీకట్లో పెడితే తిరిగి రాదు. అన్ని రంగులూ ఒకేలా పోవు. ఓకర్, సియెన్నా లాంటి మట్టిరంగులు గట్టివి. అలిజరిన్ క్రిమ్‌సన్ అనే ఎరుపు వెలిసిపోయే రకం, స్కెచ్ పెన్నుల రంగులు ఇంకా అన్యాయం. ఒక పూట సభకి గోడమీద పెడితే ఏం కాదు. ఆ తర్వాత ఎండ పడే గోడకి మాత్రం తగిలించకండి.

గడుసుపిల్ల

కాగితంపులి గారూ, ఒక డౌటు. మా అమ్మమ్మ వేసిన ముగ్గుల పుస్తకం నేను ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకున్నా. అది సరిపోతుందా, స్కాన్ చేయించాలా?

కాగితంపులి

ఫొటో లేకపోవడం కన్నా ఫోన్ ఫొటో వెయ్యి రెట్లు నయం. వీలైతే ఏ4 దాకా ఉన్నవి ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో 600 డీపీఐతో (అంగుళానికి 600 చుక్కలు), నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచుకోండి. పెద్దవైతే కెమెరాతో. ఫ్లాష్ ఆపేసి, రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో లైట్లు పెట్టండి, పక్కన ఒక స్కేలు, రంగులు సరిచూసుకోవడానికి గ్రే కార్డు అనే బూడిదరంగు అట్ట ఉంచండి. వెనకవైపూ తీయండి. అందరూ మర్చిపోయేది అదే. తేదీ, ఎవరికో రాసిన మాట, ఒక్కోసారి ఇంకో బొమ్మ ఉంటాయి వెనక. నంబరు వేయాలంటే వెనక మూలన మెత్తటి పెన్సిల్‌తో, తేలిగ్గా. బాల్‌పెన్ను వద్దు, ముందువైపు గాటు తేలుతుంది. ఒక నోటుపుస్తకంలో నంబరు, కొలతలు, ఏ రంగులు, ఏ ఏడాది, ఎవరి దగ్గరుంది, ఇవి రాసుకుంటే చాలు. ఏడాది తెలియకపోతే ఖాళీగా వదిలేయండి, ఊహించి రాయకండి. పదేళ్ల తర్వాత ఆ ఊహే నిజమైపోతుంది.

నీలిమసి

వెనకవైపు సంగతి చెప్పినందుకు చాలా థాంక్స్. ఇప్పుడే నాలుగు తిప్పి చూశాను, ఒకదాని వెనక చాకలిపద్దు ఉంది.

ఒక విషయం తేలడం లేదు. చివరి పదేళ్ల బొమ్మలన్నీ ఒక పసుపు, గోధుమ ఛాయలో ఉన్నాయి. ఆకాశం కూడా. చివరి రెండేళ్లవి మళ్లీ నీలంగా, కొట్టొచ్చినట్టు ఉన్నాయి. కాగితం పాతబడిందా అంటే, చివరివే కదా. మా బాబాయి అది "ఆయన చివరి దశ శైలి" అంటున్నాడు, సభలో అలాగే చెప్పమంటున్నాడు.

మూడోకన్ను

కంటి ఆపరేషన్ అయిందా ఆయనకి? శుక్లాలు?

నీలిమసి

అయింది. పోవడానికి రెండేళ్ల ముందు. ఓ!

మూడోకన్ను

అదీ సంగతి అయ్యుండొచ్చు. వయసుతో కంట్లో కటకం పసుపెక్కుతుంది, నీలం వెలుగుని లోపలికి సరిగ్గా రానివ్వదు. మార్పు నెమ్మదిగా వస్తుంది కాబట్టి మనిషికి తెలియదు. ఆపరేషన్ చేసి కొత్త కటకం వేయగానే ప్రపంచం నీలంగా కనిపిస్తుంది కొన్నాళ్లు. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోద్ మోనే కథ ఇదే. 1912లో ఆయనకి శుక్లాలున్నాయని చెప్పారు, భయపడి వాయిదా వేస్తూ వచ్చాడు, 1923లో కుడికంటికి ఆపరేషన్ అయింది. అప్పట్లో కటకం తీసేసేవాళ్లే గానీ లోపల కొత్తది పెట్టే పద్ధతి లేదు, మందపాటి అద్దాలతో నెట్టుకొచ్చాడు. ఆపరేషన్‌కి ముందు వేసిన తోట బొమ్మల్లో కొన్ని ఎరుపు, గోధుమ రంగుల్లో మండిపోతుంటాయి.

అయితే అన్నీ కంటి మీదికి నెట్టేయకండి. చూపు తగ్గినవాళ్లు ట్యూబు మీద పేరు చదివి, పాలెట్‌లో స్థానం గుర్తుపెట్టుకుని కూడా వేస్తారు. మీ తాతయ్య గారు ఏం చేసేవారో పక్కన కూర్చున్న మీకే తెలియాలి.

నీలిమసి

చివర్లో నన్ను అడిగేవారు, "ఇది నీలమేనా?" అని. పరీక్ష పెడుతున్నారనుకుని "మీకు తెలీదా" అనేదాన్ని నవ్వుతూ. ఇది రాస్తాను సభలో.

చెట్టునీడ

రాయండి. చెయ్యో కన్నో సహకరించనప్పుడు వాళ్లు ఏం చేశారన్నది నాకు ఎప్పుడూ ఆసక్తి. ఫ్రెంచ్ చిత్రకారుడు అన్రీ మతీస్ 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఎక్కువసేపు నిలబడి వేయలేకపోయాడు. రంగు పూసిన కాగితాల్ని కత్తెరతో కోసి అతికించడం మొదలుపెట్టాడు, ఆ పనే ఆయన్ని మళ్లీ కొత్తవాణ్ని చేసింది. పాల్ క్లే అనే ఇంకో చిత్రకారుడు చర్మం బిగుసుకుపోయే జబ్బుతో ఉండి 1939 ఒక్క ఏడాదిలో 1,200కి పైగా బొమ్మలు వేశాడు, గీతలు లావుగా, కొద్దిగా. బెంగాలీ చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ చివరి ఏళ్లలో కుంచె పక్కన పెట్టి ఎండుకొమ్మలు, చెక్కముక్కలు ఏరి బొమ్మలు చేస్తూ కూర్చున్నాడు. కుటుమ్ కాటామ్ అనేవాడు వాటిని. మా తాతయ్య చేతులు వణికే రోజుల్లో వేలితో రంగు పూసేవాడు, అడిగితే "కుంచెకి ఐదు మొనలున్నాయి" అని చెయ్యి చూపించేవాడు.

పాతకాపు

చాలాసేపటి నుంచి చదువుతున్నా. ఈ థ్రెడ్‌లో తాతలందరూ దేవుళ్లే. ఒక అపశ్రుతి నా తరఫున.

మా తాత మంచి పోర్ట్రెయిట్ ఆర్టిస్టు. మమ్మల్ని భుజాన వేసుకుని తిరిగాడు. అదే మనిషి మా నాన్న చిన్నప్పుడు నెలల తరబడి పని పేరుతో ఇంట్లో ఉండేవాడు కాదు, ఉంటే తలుపు తీసేవాడు కాదు. నానమ్మ ట్యూషన్లు చెప్పి పిల్లల్ని పెంచింది. మేం పుట్టేసరికి ఆయనకి తీరిక వచ్చింది, మేం ఆ తీరికని అందుకున్నాం. ఆయన పోయినప్పుడు సభలో మేమంతా "ఎంత ప్రేమ, ఎంత ఓపిక" అని మాట్లాడుతుంటే మా నాన్న లేచి బయటికెళ్లి నిలబడ్డాడు.

నీలిమసి గారూ, మీ నాన్నగారిని అడిగారా?

గడుసుపిల్ల

ఇది చావు జరిగిన ఇంటి మనిషితో మాట్లాడే పద్ధతేనా అండీ? ఆవిడ సలహా అడిగింది, పోస్టుమార్టం కాదు.

పాతకాపు

ఏ మనిషి పేరు పెట్టినా సరిపోయేలా ఉందని ఆవిడే రాసింది. మచ్చలు తీసేసిన ఫొటో అలాగే ఉంటుంది. ఇంతకన్నా చెప్పను.

అన్నట్టు హోకుసాయ్ కథ తెలుసా? పెద్ద అలల బొమ్మ వేసిన జపాన్ చిత్రకారుడు. 80 దాటిన వయసులో మనవడి ఆగడాలు, అప్పులు ఆయన్ని అతలాకుతలం చేశాయి. 1842 చివరి నుంచి 1843 దాకా, చెడుని తరిమేందుకన్నట్టు, రోజూ పొద్దున్నే ఒక సింహం బొమ్మ వేశాడు. 200కి పైగా మిగిలాయి. కొన్ని సింహాలు గంతులేస్తుంటాయి, కొన్నింటికి మనిషి చేష్టలు. మనవడు బాగుపడ్డాడని నేనెక్కడా చదవలేదు. తాతా మనవళ్ల కథలన్నీ తియ్యగా ఉండవు, అయినా బొమ్మలు బాగున్నాయి.

వాననీలం

గొంతు కటువుగా ఉన్నా పాతకాపు మాటలో పాయింట్ ఉంది. మా నాన్న కూడా తాత దగ్గర పని నేర్చుకోలేదు. దెబ్బలు భరించలేక వదిలేశాడట. నాకు మాత్రం ఒక్క దెబ్బ పడలేదు. అక్షరం వంకరైతే చెరిపి మళ్లీ రాయమనేవాడు, అంతే. వయసు మెత్తబరుస్తుందో, కొడుకు మీద ఉండే భయం మనవడి మీద ఉండదో.

చెట్టునీడ

భయం అన్నది సరిగ్గా చెప్పారు. కొడుకు బాగా గీస్తే "వీడూ ఇందులో పడి తిండికి ఇబ్బంది పడతాడు" అని భయం. గీయకపోతే పరువు. మనవరాలి బొమ్మ అంటే బొమ్మే.

నీలిమసి

రెండు రోజులు ఇటు రాలేదు. పాతకాపు గారి మీద కోపం వచ్చింది, నిజం చెప్తున్నా. తర్వాత నాన్నని అడిగాను.

నాన్న మొదట "ఇప్పుడెందుకవి" అన్నారు. కాఫీ తాగి మళ్లీ వచ్చి కూర్చున్నారు. హైస్కూల్లో ఉన్నప్పుడు చెరువు గట్టు బొమ్మ ఒకటి వేసి పోటీకి పంపుదామని తాతయ్యకి చూపించారట. తాతయ్య మాట్లాడకుండా కుంచె తీసుకుని, ఆ బొమ్మ మీదే చెట్టు మొత్తం మళ్లీ వేసేశారట. నీడలు మార్చారట. "ఇప్పుడు పంపు" అన్నారట. బొమ్మకి ప్రైజు వచ్చింది. నాన్న ప్రైజు తీసుకోవడానికి వెళ్లలేదు, మళ్లీ బొమ్మ వేయలేదు. నేనెప్పుడూ నాన్న చేతిలో కుంచె చూడలేదు, అది గమనించనూ లేదు.

"మీ బొమ్మల పక్కన ఆ పట్టీలు పెడుతుంటే నేను గుమ్మంలోంచి చూసేవాణ్ని" అన్నారు నాన్న. సంతోషమా, ఉక్రోషమా అని అడిగితే, రెండూ అన్నారు.

నిన్న మూడో సంచిలో ఆ చెరువు గట్టు దొరికింది. నాన్న చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. కింద నీటిరంగు పల్చగా ఉంటే, చెట్టు మటుకు పోస్టర్ కలర్‌తో దట్టంగా ఉంది. పక్క నుంచి టార్చి వేసి చూస్తే నాన్న వేసిన పాత కొమ్మ, ఇంకో వైపు వంగినది, రంగు కింద గట్టులా కనిపిస్తోంది. తెలుపు వాడని మనిషి ఆ చెట్టు ఆకుల్లో తెల్లరంగు కలిపారు. కింద ఉన్నది కప్పాలంటే అది తప్పదు మరి.

గడుసుపిల్ల

అయ్యో. అంటే ఇన్నేళ్లూ దాచుకున్నారన్నమాట! ఆయనకి తెలుసు తను చేసింది. ఆ పట్టీలు అందుకే అయ్యుంటాయి.

పాతకాపు

తొందరపడకండి. ఆయన ఏదీ పారేయలేదని చాకలిపద్దు సాక్ష్యం చెప్తోంది. దాచుకోవడాన్ని పశ్చాత్తాపం అనడానికి లేదు. పట్టీల అలవాటు ఎప్పుడు మొదలైందో చూస్తే కొంత తెలియొచ్చు. డ్రాయింగ్ మాస్టారు కదా, బడిలో పిల్లల బొమ్మల మీద దిద్దేవారా, పక్కన వేసేవారా? సభకి వచ్చే పాత శిష్యుల్ని అడగండి.

నీలిమసి

అడిగాను. ఇద్దరికి ఫోన్ చేశాను. మొదటి రోజుల్లో చదివినాయన "ఎర్ర పెన్సిల్‌తో బొమ్మ మీదే గీసేవారమ్మా, గుండె ఆగేది" అన్నారు. చాలా తర్వాతి బ్యాచ్ ఆవిడ "బోర్డు మీద విడిగా వేసి చూపించేవారు" అన్నారు. మధ్యలో ఎప్పుడు మారారో ఇద్దరికీ తెలియదు. నాన్న సంఘటన మధ్యలోనే వస్తుంది గానీ, అంతకు మించి నేను చెప్పలేను.

ఇప్పుడు ఇంట్లో గొడవ. ఆ చెరువు గట్టు గోడకి పెడదామని నేను. వద్దని అత్త. "పోయినవాడి తప్పు పదిమందిలో పెడతావా, అందులోనూ ఆయన లేనప్పుడు" అంటోంది. అత్తకి తాతయ్య అంటే పంచప్రాణాలు, ఆవిడ చేత లెక్కలు చేయించింది, సైకిల్ నేర్పింది ఆయనే. ఆవిడ చెప్పేదీ అబద్ధం కాదు.

కాగితంపులి

పెట్టినా పెట్టకపోయినా ఒక పని చేయండి. ఆ పోస్టర్ కలర్ పొర తీసి కింద కొమ్మ చూద్దామని ఎవరైనా సరదా పడితే ఒప్పుకోకండి. కింద నీటిరంగు, పైన నీటితో కలిపిన రంగు. పైది తడిపితే కిందదీ కరుగుతుంది. పక్క వెలుగులో ఫొటో తీసి ఉంచుకోండి, అది చాలు. వివరాలు రాసేటప్పుడు ఇద్దరి పేర్లూ రాయండి, అది ఇద్దరి బొమ్మ.

మూడోకన్ను

హక్కుల సంగతి ఒక మాట, ఎవరూ ఎత్తలేదు కాబట్టి. రేపు పుస్తకం వేయాలన్నా, బొమ్మలు ఆన్‌లైన్‌లో పెట్టాలన్నా, కాగితం ఎవరి దగ్గరుందన్నది ఒకటి, కాపీరైట్ ఎవరిదన్నది ఇంకొకటి. ఆయన ఎవరికైనా బొమ్మ అమ్మినా, ఇచ్చినా, రాసి ఇవ్వకపోతే అచ్చువేసే హక్కు వారసులదే అవుతుంది మామూలుగా. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం చిత్రకారుడు పోయాక కనీసం 50 ఏళ్లు, చాలా దేశాల్లో 70 ఏళ్లు. అంటే మీ నాన్నగారు, బాబాయి, అత్తయ్య అందరూ కలిసి ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది. ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్నారు కదా, ఇప్పుడే.

చెట్టునీడ

అత్తయ్య గారి మాట కొట్టేయకండి. ఆవిడ తండ్రి, మీ నాన్నగారి తండ్రి ఒక్కరే అయినా ఇద్దరికీ దొరికిన మనిషి వేరు. ఆ ఇద్దరూ, మీకు దొరికిన తాతయ్యా, ముగ్గురూ మీ పది నిమిషాల్లో పట్టరు కూడా. మీ తాతయ్య గురించి మీరు చెప్పండి. చెరువు గట్టు సంగతి మీ నోట వస్తే తీర్పులా ఉంటుంది, మీ నాన్నగారి నోట వస్తే ఆయన జ్ఞాపకం.

నీలిమసి

అందరికీ ధన్యవాదాలు. కాస్త తేలింది.

నా పది నిమిషాల్లో కళాతపస్వి లేడు. రెండు గ్లాసుల నీళ్లు, కిటికీ, పట్టీలు, "ఇది నీలమేనా" ఉన్నాయి. పసుపు ఆకాశాల పక్కన శుక్లాల సంగతి ఒక చీటీ మీద రాసి పెడుతున్నాం. బాబాయి ఇంకా "శైలి" అనే అంటున్నాడు, చీటీ చివర "అని కొందరి అభిప్రాయం" అని చేర్చమన్నాడు, చేర్చాను. పట్టీలు ఒక బల్ల మీద పరిచి పైన అద్దం పెడుతున్నాం, పట్టీలకి తగలకుండా అంచుల్లో అట్ట పెట్టి. ఎవరికి వేసిన పట్టీ వాళ్లు గుర్తుపడితే పక్కన పేరు రాయమని ఒక పుస్తకం పెడతాం.

చెరువు గట్టు సంగతి అత్త, నాన్న నిన్న రాత్రి మాట్లాడుకున్నారు, నేను లేను అక్కడ. పొద్దున నాన్న చెప్పారు, బొమ్మ పెడతారట, ఇద్దరి పేర్లతో, కథ మాత్రం చీటీలో రాయొద్దట. అడిగినవాళ్లకి తనే చెప్తారట. అత్త ఒప్పుకుంది, ఒక షరతు మీద. నాన్న మైకు పట్టుకోకూడదు.

పాతకాపు

అంతకన్నా ఏం కావాలి. సభ అయ్యాక పట్టీల పుస్తకంలో ఎవరెవరు ఏం రాశారో ఇక్కడ పెట్టండి. మీ నాన్నగారికి నా నమస్కారాలు.

నీలిమసి

తప్పకుండా. నాన్నకి మీ పోస్టు చదివి వినిపించాను. "ఈయనెవరో మైకు లేకుండానే బాగా మాట్లాడతాడు" అన్నారు.